వలస కుటుంబాల్లో పిల్లలపై హింస, నిర్లక్ష్యాల నివారణ: వీరులపాడు మెట్ట ప్రాంతం

బతుకుదెరువు కోసమో ప్రాణభయంతోనో సొంత ఊరు విడిచి కొత్తచోటికి చేరిన కుటుంబాల్లో పిల్లలు దెబ్బలకు, తిట్లకు, లైంగిక హింసకు గురికాకుండా చూడడం ఈ అంశంలో ఒక భాగం. తిండి, వైద్యం, చదువు, కనిపెట్టుకుని ఉండే పెద్దదిక్కు కరువు కాకుండా చూడడం రెండో భాగం. ప్రపంచంలో చాలాచోట్ల దీన్ని శరణార్థుల సమస్యగా చూస్తారు. తెలుగునాట శరణార్థులు తక్కువ, పంట వెంట తిరిగే కూలీ కుటుంబాలు ఎక్కువ. అందుకే ఈ వ్యాసం ప్రధానంగా ఎన్‌టీఆర్ జిల్లా పడమటి మెట్టలో, అంటే వీరులపాడు, నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల, పత్తి చేలకు, మిరప తోటలకు, బట్టీలకు, క్వారీలకు వచ్చే కుటుంబాల పిల్లల గురించి. ఈ ప్రాంతంలో పిల్లల పట్ల నిర్లక్ష్యానికి మూలం తల్లిదండ్రుల గుణంలో కన్నా పని కుదిరే తీరులో ఎక్కువగా కనిపిస్తుంది. ఆ సంగతి పక్కనపెట్టి చేసే ప్రచారమంతా అలసిపోయిన తల్లికి నీతులు చెప్పడంగానే మిగులుతుంది.

ప్రాంతం, వచ్చేవారు

వీరులపాడు ఉమ్మడి కృష్ణా జిల్లాలోని మెట్ట మండలం. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో ఎన్‌టీఆర్ జిల్లాలోకి వచ్చింది. ఉత్తరాన ఖమ్మం జిల్లా సరిహద్దు. వైరా, కట్టలేరు, మునేరు ఈ చుట్టుపక్కలే పారుతున్నా సాగర్ ఎడమ కాలువకు ఇవి చివరి భూములు. డెల్టాలో కనిపించే వరి మాగాణి ఇక్కడ అంతగా ఉండదు. నల్లరేగడిలో పత్తి, మిరప వేస్తారు. అక్టోబరు నుంచి సంక్రాంతి దాకా పత్తి తీత, ఆ వెంటనే ఏప్రిల్ దాకా విడతలు విడతలుగా మిరప కోత. రెండూ ఇప్పటికీ చేతులతో చేయాల్సిన పనులే. అదనులో ఊరి కూలీలు చాలరు.

అప్పుడు బయటి కూలీ ముఠాలు దిగుతాయి. కర్నూలు జిల్లా పడమటి మండలాలైన కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు, ఆదోని వైపు వాన తప్పితే ఊళ్ళకు ఊళ్ళు సుగ్గికి, అంటే పనుల కాలపు వలసకు, బయలుదేరతాయి. ఎక్కువ మంది గుంటూరు, పల్నాడు మిరప తోటల్లో ఆగుతారు. కొందరు కృష్ణ దాటి ఇటూ వస్తారు. ఖమ్మం సరిహద్దు నుంచి వచ్చే కూలీలు వేరు. పరిటాల, దొనబండ క్వారీలు, క్రషర్లు, జగ్గయ్యపేట చుట్టూ ఉన్న సిమెంటు ఫ్యాక్టరీలు, హైవే పొడవునా సాగే నిర్మాణ పనులు మరో రకం వలసను రప్పిస్తాయి. ఆ కూలీల్లో చాలామందికి తెలుగు రాదు. ఇటుక బట్టీల్లో పనిచేసేవారిలో ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల కుటుంబాలు ఎక్కువ.

పని కుదిరే తీరు

పత్తి తీతకు కూలి కిలో లెక్కన. మిరప కోతకు రోజు కూలి ఉంటుంది, కాయ బరువు మీదా ఇస్తారు. కిలో లెక్క ఉన్నచోట పిల్లవాడి చేతులకూ విలువ వస్తుంది. పదేళ్ళ పిల్ల తీసిన పత్తి తల్లి మూటలో కలిసిపోతుంది కాబట్టి చేలో బాలకార్మికులెవరూ లేరని రైతు చెప్పే మాట కాగితం మీద నిజమే అవుతుంది. పని చేయలేనంత చిన్నవాళ్ళుంటే అక్క కాపలా. ఎనిమిదేళ్ళ పిల్ల చంటిదాన్ని చంకనేసుకుని గట్టు మీద కూర్చుంటుంది. ఆ పిల్ల బడికి రాలేదని ఒక రిజిస్టరులో, చంటిదాని బరువు తగ్గిందని మరో రిజిస్టరులో పడవచ్చు. రెండింటి కారణమూ ఒకటేనని కలిపి చూసే రిజిస్టరు ఏదీ లేదు.

ఒడిశా బట్టీ కుటుంబాల్లో ఈ లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. అక్కడ కూలీ అంటే ఒక మనిషి కాదు. మొగుడు, పెళ్ళాం, వాళ్ళతో ఒకరిద్దరు పిల్లలు కలిసి ఒక జట్టు, దానికే పథూరియా అని పేరు. నువాఖాయి పండుగ రోజుల్లో, కూలీలను కుదిర్చే సర్దార్ అడ్వాన్సు చేతిలో పెడతాడు. మట్టి కలపడం, అచ్చు పోయడం పెద్దల పని. పచ్చి ఇటుకను తిరగేసి ఆరబెట్టే పని తేలిక చేతులకే బాగా కుదురుతుందని పిల్లలకు అప్పగిస్తారు. తీసుకున్న డబ్బు వెయ్యి ఇటుకల లెక్కన తీరాలి, కాబట్టి బడి ఈడు పిల్లను కూర్చోబెట్టడమంటే బాకీ పెంచుకోవడమే. మే, జూన్ దాకా కదలడానికి లేదు. ఇలాంటి కట్టుబాటులో చాలా భాగం వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం (1976) కిందికి వస్తుంది. కానీ అడ్వాన్సు తీసుకున్నవాడు దాన్ని వెట్టి అనడు, బాకీ అంటాడు.

నివాసం సంగతి వేరే చెప్పాలి. మిరప ముఠాలకు తోట గట్టు మీదో కళ్ళం పక్కనో పరదా పట్టలతో గుడారాలు. తలుపు ఉండదు, మరుగుదొడ్డి ఉండదు, దీపం ఉంటే ఉంటుంది. ఊరికి కిలోమీటరు, రెండు కిలోమీటర్ల దూరం. పక్కనే వ్యవసాయ బావో, కాలువో, పురుగుమందు డబ్బాలో ఉంటాయి. వాడేసిన మందు డబ్బాను కడిగి నీళ్ళు పట్టుకోవడం ఈ పొలాల్లో ఇంకా పోని అలవాటు. ఇవన్నీ కన్నవాళ్ళ నిర్లక్ష్యం కింద లెక్కకు వస్తాయా, పని యజమాని నిర్లక్ష్యం కింద వస్తాయా అన్నది చర్చించదగ్గ ప్రశ్న. పసిబిడ్డ బావిలో పడితే మాత్రం ఊరు తల్లినే అంటుంది.

చట్టం ఇక్కడ ఒక ఖాళీ వదిలింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 30 మందికి పైగా ఆడవాళ్ళు పనిచేసేచోట శిశు సంరక్షణ గది ఉండాలంది. 1951 నాటి తోటల చట్టం టీ, కాఫీ, రబ్బరు తోటలకు అలాంటి నియమమే పెట్టింది. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 50 మందికి పైగా స్త్రీలుంటే తప్పదంది. ఉపాధి హామీ చట్టం, పని దగ్గర ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురుంటే వాళ్ళను చూసుకోవడానికి ఒక స్త్రీని కూలి ఇచ్చి పెట్టాలంది. అదే నాలుగెకరాల మిరప చేనులో ఇరవై మంది ఆడవాళ్ళు మూడు నెలలు పనిచేస్తే వాళ్ళ పిల్లల కోసం రైతు ఏమీ పెట్టనక్కర్లేదు. పెట్టగలిగే స్థితిలో కౌలురైతు కూడా ఉండడు. కాబట్టి ఆ బరువు పంచాయతీ, అంగన్‌వాడీలు మోయవలసినదే.

హింస

పిల్లలను కొట్టడం వలస కుటుంబాల సొత్తు కాదు. కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ 2007లో 13 రాష్ట్రాల్లో జరిపించిన అధ్యయనంలో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్ళే. సగానికి పైగా, 53.22 శాతం మంది, ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. అది ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. హింస పెట్టినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్ళు, వాళ్ళు నమ్మినవాళ్ళు. స్థిరమైన ఇళ్ళలో ఉన్న పిల్లల సంగతే ఇదైతే తలుపులేని గుడారంలో పడుకునే పిల్ల సంగతి ఊహించడం కష్టం కాదు.

వలసలో మారేది హింస రకం కాదు, దాన్ని బయటపెట్టే దారి. సొంత ఊళ్ళో అమ్మమ్మో మేనత్తో ఉంటుంది, పిల్ల ముఖం చూసి ఏదో జరిగిందని కనిపెడుతుంది. ఇక్కడ తెలిసిన పెద్దమనిషి ముఠాను తెచ్చిన మేస్త్రి ఒక్కడే. కూలి డబ్బు, తిరుగు ప్రయాణం, మరుసటి ఏటి పని అన్నీ అతని చేతిలోనే ఉంటాయి. వేలు చూపవలసింది అతని మీదనో, అతని బంధువు మీదనో, చేను యజమాని కొడుకు మీదనో అయితే తల్లిదండ్రులు నోరు మెదపరు. పిల్లను కొన్నాళ్ళు ఊరికి పంపేస్తారు, లేకపోతే పెళ్ళి చేసేస్తారు. ఎదిగిన ఆడపిల్లను చేలవెంట తిప్పలేమన్నది బాల్యవివాహానికి వలస కుటుంబాలు చెప్పే కారణాల్లో బలమైనది, అందులో అబద్ధం కూడా లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళయింది. దేశ సగటు 23.3. పెళ్ళి వయసు గురించి గోడ మీద రాతలు రాయించే డబ్బులో కొంత సుగ్గికి వెళ్ళే ఊళ్ళలో ఆడపిల్లల హాస్టళ్ళకు పెడితే ఈ అంకె ఎక్కువ కదులుతుంది.

శరణార్థులు, నిర్వాసితులు

1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద భారతదేశం సంతకం చేయలేదు. అయినా బాలల హక్కుల ఒడంబడికలో 1992 డిసెంబరులో చేరింది. అందులోని 22వ అధికరణం శరణార్థి పిల్లలకు రక్షణ ఇమ్మంటుంది, 19వది ఎవరి సంరక్షణలో ఉన్న పిల్లలనైనా హింస నుంచి కాపాడమంటుంది. తెలుగునాట బర్మా నుంచి తిరిగివచ్చినవారి కాలనీలు, కాగజ్‌నగర్ దగ్గరి బెంగాలీ శిబిరాలు పాత ఉదాహరణలు. 2012 నుంచి హైదరాబాద్ బాలాపూర్ ప్రాంతంలో ఉంటున్న రోహింగ్యాలు కొత్త ఉదాహరణ.

మెట్టకు దగ్గరగా ఉన్న ఉదాహరణ మాత్రం గుత్తి కోయ గిరిజనులది. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్, దంతెవాడల నుంచి వేలాది కుటుంబాలు గోదావరి అడవుల్లోకి వచ్చి స్థిరపడ్డాయి. వాళ్ళ చేతులే ఇప్పుడు చర్ల, వెంకటాపురం వైపు మిరప కోతకు ఆధారం. దేశం లోపలే ఊరు పోగొట్టుకున్నవాళ్ళు కాబట్టి శరణార్థులు కారు, ఇక్కడ గిరిజన ధ్రువపత్రం దొరకదు కాబట్టి స్థానికులూ కారు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వల్ల ములుగు జిల్లా మిరప తోటల్లో పని ఆగిపోతే బీజాపూర్ జిల్లాకు చెందిన 12 ఏళ్ళ బాలిక తోటి కూలీలతో కలిసి మూడు రోజులు నడిచి ఇల్లు చేరుకోబోతూ చనిపోయింది. పత్రికలన్నీ ఆమె నడక గురించి రాశాయి. 12 ఏళ్ళ పిల్ల మిరప కోతకు ఎందుకు వచ్చిందన్న ప్రశ్న అంతగా వినిపించలేదు.

చట్టం ఏమంటుంది

బాలల న్యాయ చట్టం (2015) పిల్లల పట్ల క్రూరత్వానికి, కావాలని చేసే నిర్లక్ష్యానికి మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా పెట్టింది. దాని 75వ సెక్షన్‌లోనే, కన్నవాళ్ళు తమ చేతిలో లేని పరిస్థితుల వల్ల బిడ్డను వదిలేయవలసి వస్తే దాన్ని కావాలని చేసినట్టు భావించకూడదు, శిక్షించకూడదు అని ఒక మినహాయింపు ఉంది. పేదరికానికి, నేరానికి మధ్య తేడా చూడమని చట్టమే చెప్పిన చోటు ఇది. కేసు కట్టే పోలీసు దీన్ని చదవడం అరుదు. పిల్లవాడు దొరికిన 24 గంటల్లో, ప్రయాణం మినహాయించి, జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందుంచాలి. అధ్యక్షుడు, నలుగురు సభ్యులుండే ఈ కమిటీకి అవసరమైతే పిల్లవాణ్ణి సొంత జిల్లా కమిటీకి బదిలీ చేసే అధికారం ఉంది. హోమ్‌లో ఉంచడం ఆఖరి మార్గం కావాలి.

పోక్సో చట్టం (2012) కింద లైంగిక నేరం గురించి తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. మిరప రైతుకూ, మేస్త్రికీ, బడి పంతులుకూ ఇది ఒకేలా వర్తిస్తుంది. వలస పిల్లల విషయంలో ఈ చట్టంలో ఎక్కువ పనికొచ్చేది దుబాసీ నియమం. పిల్లకు వచ్చిన భాషలోనే వాంగ్మూలం తీసుకోవాలి, అవసరమైతే ఫీజు ఇచ్చి అనువాదకుణ్ణి పెట్టాలి. పిల్ల ఉన్నచోటికే, వీలైతే మహిళా ఎస్సై, యూనిఫాం లేకుండా వెళ్ళాలి. గోండి, సంబల్‌పురి తెలిసిన దుబాసీల జాబితా జిల్లా కేంద్రంలో సిద్ధంగా ఉంటేనే దీనికి అర్థం. లేకపోతే తర్జుమా చేసే పని మేస్త్రికే పడుతుంది. అంతకన్నా ప్రమాదం లేదు.

విద్యాహక్కు చట్టం (2009) స్థానిక సంస్థల బాధ్యతల్లో వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్చుకోవడాన్ని విడిగా పేర్కొంది. టీసీ లేదని చేర్చుకోకపోవడం చెల్లదు. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ 14 ఏళ్ళలోపు పనిని పూర్తిగా నిషేధిస్తూనే, బడి వేళలు కాకుండా కుటుంబ పనిలో సాయం చేయవచ్చనే సందు తెరిచింది. పత్తి మూట తల్లిదే కాబట్టి ఇది కుటుంబ పనేననే వాదన వినిపిస్తుంది. పరాయి చేనులో కిలో లెక్కన చేసేది కుటుంబ వ్యాపారం కాదు. మండల స్థాయి అధికారికి ఈ తేడా చెప్పడానికి ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం పిల్లలకు ఆదాయ పరిమితి లేదు. ఆ చట్టం కింద ఏర్పడిన జాతీయ సంస్థకు కార్యనిర్వాహక అధ్యక్షుడిగా, తర్వాత దేశ ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ ఎన్.వి. రమణది వీరులపాడు మండలంలోని పొన్నవరమే.

నివారణ ప్రయత్నాలు

పని నుంచి పిల్లలను తప్పించి బడికి తేవచ్చని తెలుగునాట గట్టిగా నిరూపించింది ఎం.వి. ఫౌండేషన్. శాంతా సిన్హా నడిపిన ఈ సంస్థ 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లాలో పని మొదలుపెట్టింది. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలేనన్నది దాని సూత్రం. పెద్ద పిల్లలను వయసుకు తగ్గ తరగతికి సిద్ధం చేసే బ్రిడ్జి కోర్సులు దాని పద్ధతి. సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది, 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు. అయితే ఆ నమూనా పిల్లవాడు ఒకే ఊళ్ళో ఉంటాడని అనుకుంటుంది. జనవరిలో వీరులపాడులో, జూన్‌లో కోసిగిలో ఉండే పిల్లకు బ్రిడ్జి కోర్సు ఎక్కడ పెట్టాలి?

దీనికి వచ్చిన ఒక జవాబు కర్నూలు వైపు సమగ్ర శిక్ష కింద నడిచే సీజనల్ హాస్టళ్ళు. తల్లిదండ్రులు సుగ్గికి వెళ్ళినంత కాలం పిల్లలు సొంత ఊరి బడిలోనే తిని, చదువుకుని, పడుకుంటారు. ఉన్న ఉపాయాల్లో ఇదే మేలైనది. దాని బలహీనతంతా క్యాలెండరులో ఉంది. ముఠాలు దీపావళికే కదిలితే, మంజూరు కాగితం సంక్రాంతికి వస్తే, అప్పటికే పిల్లలు పత్తి చేలో ఉంటారు. మూడేళ్ళలోపు పిల్లలు ఎలాగూ తల్లి వెంటే వస్తారు, వాళ్ళకు హాస్టల్ జవాబు కాదు.

రెండో దారి పని దగ్గరికే బడి తేవడం. 2017 జనవరిలో రాచకొండ పోలీసులు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఒక ఇటుక బట్టీ నుంచి దాదాపు 200 మంది పిల్లలను బయటికి తెచ్చారు. ఎక్కువ మంది ఒడిశా వాళ్ళు. ఆ తర్వాత ఆ వైపు బట్టీల దగ్గర ఒడియాలో పాఠాలు చెప్పే బడులు నడిచాయి. పిల్లలను హోమ్‌లకు తరలించి తల్లిదండ్రులను బట్టీలోనే వదిలేయడం కంటే ఇది చాలా నయం. ఏటా జనవరి, జులైలలో జరిగే ఆపరేషన్ స్మైల్, ముస్కాన్ తనిఖీలకు ప్రచారం బాగా దొరుకుతుంది. పట్టుబడిన పిల్లవాడు ఫిబ్రవరిలో ఎక్కడ ఉన్నాడో చూసే తనిఖీకి పేరు కూడా పెట్టలేదు.

మూడో దారి పసిపిల్లలది. ఢిల్లీలో మీరా మహదేవన్ 1969లో మొదలుపెట్టిన మొబైల్ క్రెషెస్ సంస్థ నిర్మాణ స్థలాల్లో శిశు సంరక్షణ కేంద్రాలు నడపవచ్చని చూపించింది. 2022లో వచ్చిన పాల్నా పథకం అంగన్‌వాడీనే రోజంతా పిల్లలను చూసుకునే కేంద్రంగా మార్చడానికి వీలిచ్చింది. పోషణ్ ట్రాకర్‌లో పేరున్న తల్లీబిడ్డలు ఏ ఊరి అంగన్‌వాడీలోనైనా సేవలు పొందవచ్చు. రేషన్ సంగతీ అంతే. ఏ ఊళ్ళోనైనా బియ్యం తీసుకునే విధానం 2019 ఆగస్టులో తొలి విడతలోనే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య ప్రయోగంగా మొదలైంది. మెట్టకు నిజంగా కావలసింది మిరప కోత మూడు నెలలూ కళ్ళం దగ్గరో, మూతపడిన బడి గదిలోనో ఒక ఆయమ్మ, ఆమెకు జీతం, పిల్లలకు పాలు, గుడ్డు. కోత తెల్లవారుజామునే మొదలవుతుంది కాబట్టి తొమ్మిదింటికి తెరిచే కేంద్రం పనికిరాదు.

బడిలో ఒక చిక్కు కంప్యూటరుది. సొంత ఊరి బడి పిల్ల పేరును యూడైస్ అనే బడుల సమాచార వ్యవస్థలోని డ్రాప్‌బాక్సులోకి వదిలితే తప్ప కొత్త బడి చేర్చుకోలేదు. హెడ్‌మాస్టరు ఒక ఫోన్ చేస్తే తీరే పని. చేయకపోతే పిల్ల ఏడాదంతా ఎక్కడా లేనట్టే. పేరు ఎక్కకపోయినా పిల్లను తరగతిలో కూర్చోబెట్టి మధ్యాహ్న భోజనం పెట్టే పంతుళ్ళు ఈ మండలాల్లో ఉన్నారు. నియమం వాళ్ళకు అడ్డం పడకుండా ఉంటే చాలు.

విజయవాడ పెద్ద జంక్షన్ కావడం వల్ల ఇల్లు విడిచిన పిల్లలు అక్కడ దిగుతారు. 1989 నుంచి నవజీవన్ బాలభవన్ స్టేషన్ పిల్లలతో పనిచేస్తోంది. వాసవ్య మహిళా మండలి అదే నగరంలో 1969 నుంచీ ఉన్న సంస్థ. 1996లో ముంబైలో పుట్టిన 1098 బాలల సహాయ ఫోన్ సేవను 2023 నుంచి ప్రభుత్వమే అత్యవసర నంబరు 112తో కలిపి నడుపుతోంది. గ్రామ సచివాలయం పరిధిలో మహిళా పోలీసు, అంగన్‌వాడీ టీచరు, ఆశా, ఏఎన్ఎం ఉన్నారు. ముఠా దిగిన వారంలోపు ఈ నలుగురిలో ఒకరు గుడారాలకు వెళ్ళి పిల్లల పేర్లు, వయసులు రాసుకుని, మేస్త్రి లేనప్పుడు తల్లులతో ఒకసారి మాట్లాడి రావడం అన్నిటికన్నా చవకైన నివారణ. దీనికి కొత్త పథకం అక్కర్లేదు.

విదేశాల్లో తెలుగు కొత్తవారు

కొత్తచోటి కుటుంబం అంటే పేద కుటుంబమే కానక్కర్లేదు. 2012 డిసెంబరులో ఓస్లో న్యాయస్థానం ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి 18 నెలలు, ఆయన భార్యకు 15 నెలలు జైలుశిక్ష వేసింది. ఏడేళ్ళ కొడుకును హింసించారన్నది అభియోగం. ఇంటి క్రమశిక్షణకు ఇంత శిక్షా అని తెలుగు పత్రికల్లో, టీవీల్లో ఆశ్చర్యపోయారు. స్వీడన్ 1979లో, నార్వే 1987లో ఇంట్లో కూడా పిల్లలను కొట్టడాన్ని నిషేధించాయి. మన విద్యాహక్కు చట్టంలోని నిషేధం బడి గేటు దగ్గర ఆగిపోతుంది. అమెరికాలో టీచర్లు, డాక్టర్లు అనుమానం వస్తే చెప్పి తీరాలి. కొత్తగా వెళ్ళిన తల్లిదండ్రులకు దిగిన మొదటి నెలలోనే, సొంత భాషలో, అక్కడి నియమాలతో పాటు అమ్మమ్మ లేని ఇంట్లో ఒంటరిగా పిల్లలను పెంచే ఒత్తిడి గురించి కూడా చెప్పే కార్యక్రమాలు చాలా దేశాల్లో ఉన్నాయి. ఓస్లో అపార్ట్‌మెంటులో తెలుగు తల్లికి, మిరప చేను గట్టు మీది కోసిగి తల్లికి ఆస్తిలో పోలిక లేదు. బిడ్డను కాసేపు పట్టుకోమని ఇవ్వడానికి మనిషి లేకపోవడం మాత్రం ఇద్దరికీ ఉంది.